వెల్లకిలా తిప్పిన పెంకు పురుగు: ప్రజాతిని పట్టిచ్చే ఆనవాళ్లు

సెటోనియా, ప్రోటేటియా అనే రెండు ప్రజాతులకు (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపును ప్రజాతి అంటారు) చెందిన పెంకు పురుగుల్లో కొన్నింటిని పక్కపక్కన పెట్టి పైనుంచి చూస్తే తేడా పట్టుకోవడం చాలా కష్టం. రెండూ రాగి మెరుపు కలిసిన ఆకుపచ్చ రంగులో, రెక్క పెంకుల మీద సన్నటి తెల్ల చారలతో, ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. రెండూ పూల మీదే వాలతాయి, రెండూ రెక్క పెంకులు విప్పకుండానే వాటి అంచుల కింద నుంచి లోపలి రెక్కలు చాచి ఎగురుతాయి. అదే పురుగులను వెల్లకిలా తిప్పి, మధ్య కాళ్ల జత మొదళ్ల నడుమ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన చిన్న బుడిపెను భూతద్దంతో చూస్తే సందేహం తీరిపోతుంది. సెటోనియాలో ఆ బుడిపె కొస గుండ్రంగా, గోళీలా ఉంటుంది. ప్రోటేటియాలో అది అణగి, అడ్డంగా వెడల్పై, పలకలా ఉంటుంది. ఇంత మెరుపు, ఇంత రంగు ఉన్న పురుగులో ప్రజాతిని చెప్పేది రంగూ రుచీ లేని ఆ ఒక్క బుడిపె.

ఇది ఒంటరి ఉదాహరణ కాదు. పెంకు పురుగుల వర్గీకరణలో నమ్మదగిన లక్షణాల్లో ఎక్కువ భాగం శరీరం అడుగు వైపునో, పాదాల్లోనో, నోటి భాగాల్లోనో, స్పర్శశృంగాల (మీసాల) కొసల్లోనో ఉంటాయి. కంటికి ముందుగా తగిలే పరిమాణం, రంగు, కొమ్ములు మాత్రం తరచుగా దారి తప్పిస్తాయి. ఎందుకిలా అన్నది తెలిస్తే గుర్తింపు పద్ధతి సగం అర్థమైనట్టే.

రంగు సంగతే చూద్దాం. హార్మోనియా ఆక్సిరిడిస్ అనే అక్షింతల పురుగులో ఒకే జాతికి చెందిన పురుగులు నారింజ రంగు మీద నల్ల చుక్కలతోనూ, చుక్కలే లేకుండానూ, పూర్తి నలుపు మీద రెండు లేక నాలుగు ఎర్ర మచ్చలతోనూ కనిపిస్తాయి. ఈ తేడాలకు ప్రధాన కారణం పానియర్ అనే ఒకే జన్యువులోని మార్పులని 2018లో వెల్లడైంది. ఒక జన్యువు అటూ ఇటూ అయితేనే మారిపోయే లక్షణం మీద ప్రజాతి గోడ కట్టలేం. కాలు శరీరానికి అతుక్కునే కీలు అలా కాదు. దాని ఆకారం మారాలంటే దాన్ని కదిలించే కండరాలు, నడక తీరు, పక్కనున్న కవచపు పలకల అమరిక అన్నీ కలిసి మారాలి. అటువంటి మార్పు అరుదు కాబట్టి, ఒకసారి వచ్చాక వంశమంతటా నిలబడుతుంది. గుర్తింపుకు పనికొచ్చే లక్షణానికి ఉండాల్సిన మొదటి గుణం ఈ నిలకడే.

పెంకు పురుగులన్నీ చేరే కోలియోప్టెరా అనే క్రమంలో పేరు పెట్టిన జాతులే దాదాపు 4 లక్షలు. శాస్త్రం నమోదు చేసిన జంతు జాతులన్నిటిలో ఇది ఇంచుమించు నాలుగో వంతు. ఒర అనే అర్థమున్న గ్రీకు మాటకు రెక్క అనే మాట జోడించి అరిస్టాటిల్ వాడిన పేరే ఈనాటికీ నిలిచింది. ముందు రెక్కలు గట్టిపడి, లోపలి రెక్కలకు ఒరలా పనిచేస్తాయన్నది దాని భావం. ఇన్ని లక్షల రూపాల్లో ఒక పురుగును దాని ప్రజాతి దాకా తీసుకువెళ్లేందుకు శాస్త్రజ్ఞులు వాడే సాధనాన్ని కీ అంటారు. అది ప్రతి మెట్టులో రెండు ప్రత్యామ్నాయాలు చూపి, పురుగులో కనిపించేదాన్ని బట్టి తరవాతి మెట్టుకు పంపుతుంది. ఇక్కడ కొత్తవారు చేసే పొరపాటు ఏమిటంటే, ఏదో ఒక విశేష లక్షణాన్ని పట్టుకుని నేరుగా ప్రజాతికి దూకడం. ఒక లక్షణానికి విలువ అది కీలో ఎక్కడ వస్తుందన్న దాన్ని బట్టే ఉంటుంది. ఒక కుటుంబంలో ప్రజాతిని తేల్చే లక్షణం పక్క కుటుంబంలో ఎందుకూ కొరగాకపోవచ్చు.

అన్నిటికంటే పైమెట్టు ప్రశ్న వెనక కాళ్ల మొదటి భాగమైన కోక్సా గురించి. పురుగును వెల్లకిలా ఉంచి ఉదరం కింది పలకల్లో మొదటిదాన్ని చూడాలి. వెనక కోక్సాలు ఆ పలకను పూర్తిగా దాటి వెనక్కు చొచ్చుకుపోయి దాన్ని కుడి ఎడమలుగా చీల్చితే అది అడెఫాగా ఉపక్రమం. ఇందులో వెనక కోక్సాలు వక్షానికి కదలకుండా అతుక్కుపోయి ఉంటాయి. నేల మీద పరుగెత్తి వేటాడే కారాబిడే, నీటిలో ఈదే డైటిస్సిడే కుటుంబాలు ఇక్కడివే. ఆ మొదటి పలక చీలకుండా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే పట్టీగా ఉంటే అది చాలావరకు పాలీఫాగా. జాతుల్లో దాదాపు పదింట తొమ్మిది వంతులు ఈ ఉపక్రమానివే. మిగిలిన రెండు ఉపక్రమాలు, ఆర్కోస్టెమాటా, మిక్సోఫాగా, చాలా చిన్నవి, చేతికి చిక్కేది కూడా తక్కువ.

కోక్సా తరవాత చూసేది స్పర్శశృంగాలను, అంటే వాడుకలో మీసాలు అనే భాగాన్ని. దారంలా సన్నగా సాగినవి, రంపపు పళ్లలా ఉన్నవి, కొసన గదలా ఉబ్బినవి, మోచేయిలా మడిచినవి ఇలా వీటి ఆకారాలు కుటుంబాన్ని సూచిస్తే, ఖండితాల, అంటే వాటిలోని కీలు కీలుగా ఉండే ముక్కల, లెక్క చాలాచోట్ల ప్రజాతిని తేలుస్తుంది. పేడ పురుగులు, వేరు పురుగులు ఉండే స్కారాబెయిడే కుటుంబంలో స్పర్శశృంగం చివరి ఖండితాలు పలకలుగా సాగి, పుస్తకం పుటల్లా ఒకదానిపై ఒకటి మూసుకోగలవు. మెలోలోంతా ప్రజాతిలో మగ పురుగుకు ఇలాంటి పలకలు 7, ఆడ పురుగుకు 6. దానికి దగ్గరి చుట్టాలైన రైజోట్రోగస్, ఆంఫిమాలన్ ప్రజాతుల విషయంలో తేడా మరీ సన్నని గీతలాంటిది. రైజోట్రోగస్ స్పర్శశృంగంలో 10 ఖండితాలు, ఆంఫిమాలన్‌లో 9. అందులోనూ గద కింద ఉండే ఖండితాలు పూసల్లా దగ్గర దగ్గరగా ఉండి, వెలుతురు పడే కోణం సరిగా లేకపోతే రెండు ఒకటిగా కనిపిస్తాయి. అందుకే రెండు వైపులా లెక్కించి, రెండు లెక్కలూ సరిపోయాకనే ముందుకు వెళ్లడం మంచి అలవాటు. పెరుగుదలలో లోపం వల్ల ఒక వైపు ఖండితాలు కలిసిపోయిన పురుగులు అప్పుడప్పుడు ఎదురవుతుంటాయి.

పాదాల ఖండితాల లెక్కకు పెద్ద చరిత్రే ఉంది. 1762లో ఫ్రెంచి కీటక శాస్త్రవేత్త ఎటియెన్ లూయీ జెఫ్రువా టార్సస్ అనే పాద భాగంలోని ఖండితాల సంఖ్యను పెంకు పురుగుల విభజనకు ఆధారంగా తీసుకున్నాడు. 1775లో డెన్మార్క్ కీటక శాస్త్రవేత్త ఫాబ్రిసియస్ ఆ దారి వదిలి నోటి భాగాల మీద తన వర్గీకరణ నిలిపాడు. శాస్త్రపరంగా అది లోతైన ఆలోచనే కానీ, మిల్లీమీటరు తలలో నోటి భాగాలు విప్పి చూడటం అందరి వల్లా అయ్యే పని కాదు. తరవాత పియర్ ఆండ్రే లాత్రెయ్ పాద ఖండితాల పద్ధతికి విస్తృత ప్రచారం తెచ్చాడు. ఫ్రెంచి విప్లవ కాలంలో బోర్దో చెరసాలలో ఉన్న ఈ మతాచార్యుడు గది నేల మీద పాకుతున్న నెక్రోబియా రూఫికోలిస్ అనే పురుగును పరీక్షిస్తుండగా వైద్యుడి కంట పడటం, ఆ పురుగు మూలంగానే విడుదల కావడం కీటక శాస్త్రంలో పేరుమోసిన కథ. ఆయన 1796లో వెలువరించిన గ్రంథం కీటకాల ప్రజాతి లక్షణాల గురించే.

లాత్రెయ్ కాలంలో పాదంలో ఐదు, నాలుగు, మూడు ఖండితాలున్నవని పెంకు పురుగులను గుంపులు చేశారు. సూక్ష్మదర్శిని మెరుగుపడ్డాక ఆ లెక్కలోని మోసం బయటపడింది. పొడవాటి స్పర్శశృంగాలుండే సెరాంబిసిడే కుటుంబం, ఆకులు తినే క్రిసోమెలిడే కుటుంబం, ముక్కు పురుగులు, ఇవన్నీ నాలుగు ఖండితాలవని అనుకున్నారు. నిజానికి మూడో ఖండితం రెండు తమ్మెలుగా చీలి ఉంటుంది, ఆ తమ్మెల నడుమ గవ్వ లోపలి పూసలా అతి చిన్న నాలుగో ఖండితం దాక్కుని ఉంటుంది. పొడవుగా కనిపించే చివరిది ఐదోది. అక్షింతల పురుగుల్లోనూ ఇదే కథ. పైకి మూడు, నిజంగా నాలుగు. అయినా ఈ తప్పు లెక్క పూర్తిగా వృథా కాలేదు, ఎందుకంటే దాక్కున్న ఖండితమే ఒక లక్షణమైంది. పాదాన్ని పక్క నుంచి కాక పైనుంచి, ఎక్కువ వెలుతురులో చూసి ఆ పూసను పట్టుకోవడం ఈనాటికీ విద్యార్థులకు తొలి పరీక్ష. ముందు, మధ్య కాళ్లలో ఐదేసి, వెనక కాళ్లలో నాలుగు ఖండితాలుంటే, ఆ 5-5-4 లెక్క టెనెబ్రియోనిడే వంటి కుటుంబాల వైపు చూపుతుంది.

లక్షణాలు ఒకదానికొకటి ఎలా సాక్ష్యం చెప్పుకుంటాయో చూడటానికి పేడ పురుగుల కంటే మంచి గుంపు లేదు. వెనక కాలి టిబియా (తొడకూ పాదానికీ నడుమ ఉండే భాగం) కొసన కదిలే ముళ్లు రెండుండి, రెక్క పెంకుల మొదట్లో స్క్యూటెల్లం అనే ముక్కోణపు పలక స్పష్టంగా కనిపిస్తే అది సాధారణంగా ఎఫోడియస్ వర్గం. ముల్లు ఒక్కటే ఉండి, ముక్కోణం దాదాపుగా కనిపించకపోతే అది నిజమైన పేడ పురుగుల ఉపకుటుంబం. అక్కడి నుంచి పేడను ఉండలు చేసి దొర్లించే వాటి వైపు వెళితే స్కారాబియస్ ఎదురవుతుంది. దాని తల ముందు అంచున ఆరు పళ్లుంటాయి. నాలుగు నోటికి పైన తల ముందు ఉండే పలకవి, రెండు చెంపలవి. అంతకంటే విచిత్రం, దాని ముందు కాళ్లకు పాదాలే ఉండవు. టిబియా పళ్లతో ఆగిపోతుంది.

ఇక్కడే రెండు ఉచ్చులున్నాయి. మొదటిది, పాదం పుట్టుకతోనే లేదా, ఎక్కడో విరిగిపోయిందా అన్నది. విరిగిపోయిన పురుగులో పాదం అతుక్కుని ఉన్న గుంట టిబియా కొసన మిగిలి ఉంటుంది. స్కారాబియస్‌లో ఆ గుంట కూడా ఉండదు. రెండోది, ఓనిటిస్ ప్రజాతి మగ పురుగులకూ ముందు పాదాలుండవు. ఈ ఒక్క లక్షణం పట్టుకుని కూర్చుంటే ఓనిటిస్ కాస్తా స్కారాబియస్ అయిపోతుంది. అప్పుడు మధ్య, వెనక కాళ్ల వంక చూడాలి. ఉండను వెనక కాళ్లతో కౌగిలించి దొర్లించే స్కారాబియస్‌కు ఆ టిబియాలు సన్నగా, పొడవుగా, కొద్దిగా వంగి ఉంటాయి. పేడ కిందే సొరంగం తవ్వే ఓనిటిస్‌కు అవి కొసకు పోను పోను వెడల్పై, మట్టిని వెనక్కు నెట్టే పారల్లా ఉంటాయి. పురుగు చేసే పని తెలిసినవారికి ఈ తేడా గుర్తుపెట్టుకోవాల్సిన అంశంగా కాక, ఎదురుచూడాల్సిన అంశంగా కనిపిస్తుంది.

ఉండలు దొర్లించే మరో ప్రజాతి జిమ్నోప్లూరస్. దీనికి ముందు పాదాలుంటాయి. రెక్క పెంకు పక్క అంచు భుజం వెనక లోపలికి నొక్కినట్టు వంపు తిరిగి, ఆ సందులోంచి శరీరం పక్క భాగం బయటికి కనిపిస్తుంది. పేరుకు అర్థమే బట్టలేని పక్కలు అని. ప్రజాతుల పేర్లన్నీ ఇంత ఉపకారం చేయవు గానీ, చేసినచోట వాటిని వాడుకోకపోవడం తెలివితక్కువ. ఇక సొరంగాలు తవ్వే కాప్రిస్, ఒంథోఫాగస్ రెండింటి మగ పురుగుల్లోనూ తల మీద కొమ్ములుంటాయి కాబట్టి కొమ్ము సాక్ష్యం చెల్లదు. కింది పెదవి పక్కనుండే చిన్న స్పర్శాంగాల్లో కాప్రిస్‌కు మూడు ఖండితాలూ స్పష్టంగా ఉంటాయి, ఒంథోఫాగస్‌కు మూడోది అతి సూక్ష్మంగానో అసలు కనబడకుండానో ఉంటుంది. ఫాబ్రిసియస్ నోటి వైపు చూడటం వృథా కాలేదనడానికి ఇదొక నిదర్శనం.

కొమ్ముల మీద అపనమ్మకానికి కారణం లోతైనదే. కొబ్బరిని పాడుచేసే కొమ్ము పురుగు ఒరిక్టెస్‌కూ, పేడలో బతికే కాప్రిస్‌కూ తల మీద ఒకేలాంటి ఒంటి కొమ్ము ఉన్నా, అవి వేర్వేరు ఉపకుటుంబాలవి. మగ పురుగుల పోట్లాటల్లో ఉపయోగపడే ఈ ఆయుధం వేర్వేరు వంశాల్లో విడివిడిగా పుట్టుకొచ్చింది. పైగా దాని పొడవు పురుగు పిల్లదశలో తిన్న తిండిని బట్టి మారుతుంది. లూకానస్ సెర్వస్ అనే పెంకు పురుగుకు కొమ్ముల్లా కనిపించేవి నిజానికి హనువులు, అంటే దవడలు. బాగా తిని పెరిగిన మగ పురుగులో అవి దుప్పి కొమ్ములంత ఘనంగా ఉంటే, తిండి చాలని చిన్న మగ పురుగులో పొట్టిగా ఉంటాయి. ఆ చిన్నవాటిని ఒకప్పుడు ప్రత్యేక పేరుతో పిలిచారు కూడా. లూకానస్ ఉండే కుటుంబాన్ని పోల్చుకోవడానికి హనువుల కంటే మోచేయిలా మడిచిన స్పర్శశృంగమే నిక్కమైన ఆధారం. దాని కొసన ఉన్న పలకలు స్కారాబెయిడే పలకల్లా మూసుకోలేవు.

నీటి పైపొర మీద గిరగిరా తిరిగే గైరినిడే కుటుంబాన్ని పోల్చుకోవడం చాలా తేలిక. ప్రతి కన్నూ రెండుగా విడిపోయి, పై సగం గాలిలోకి, కింది సగం నీటిలోకి చూస్తుంది. కుటుంబం తేలిపోయాక గైరినస్‌లో స్క్యూటెల్లం కనిపిస్తుంది, డైన్యూటస్‌లో రెక్క పెంకుల కింద మరుగుపడుతుంది. అంతటితో ఆ రెండింటి మధ్య తగవు తీరిపోతుంది.

నిల్వ సరుకులను పాడుచేసే పురుగుల్లో ప్రజాతి గుర్తింపు పరిశోధన శాల దాటి నేరుగా అవసరానికి వస్తుంది. లాసియోడెర్మా, స్టెగోబియం రెండూ 2 నుంచి 3 మిల్లీమీటర్ల పొడవుండే ఎర్ర గోధుమ రంగు పురుగులు. రెండూ తలను కవచం కింద ముడుచుకుని గింజలా గుండ్రంగా కనిపిస్తాయి. పొగాకులో దొరికితే మొదటిది, ఎండు మందుల్లో దొరికితే రెండోది అని దొరికిన చోటును బట్టి పేరు పెట్టడం తరచుగా తప్పవుతుంది, ఎందుకంటే రెండూ మసాలాల్లోనూ పిండిలోనూ ఎండు మొక్కల సరుకంతటిలోనూ పెరుగుతాయి. భూతద్దం కింద మాత్రం తికమక లేదు. లాసియోడెర్మా స్పర్శశృంగం మొదటి నుంచి చివరి దాకా రంపపు పళ్లలా ఉంటుంది, రెక్క పెంకులు గీతలు లేకుండా నునుపుగా, సన్నటి నూగుతో ఉంటాయి. స్టెగోబియం స్పర్శశృంగంలో చివరి మూడు ఖండితాలు మాత్రమే పెద్దవై వదులుగా గదలా నిలుస్తాయి, రెక్క పెంకుల మీద చుక్కల వరసలు నిలువుగా దున్నిన సాళ్లలా కనిపిస్తాయి. స్పర్శశృంగం విరిగిపోయిన పురుగులో ఆ సాళ్లే ఆధారం.

పప్పు గింజలను తొలిచే పురుగుల్లో చూడాల్సింది వెనక తొడను. కాలోసోబ్రూకస్ తొడ కింది అంచున రెండు గట్లుండి, వాటి కొసల దగ్గర పళ్లుంటాయి. అకాంథోసెలిడెస్ తొడ లోపలి అంచున ఒక పెద్ద పన్ను, దాని పక్కనే రెండు మూడు చిన్నవి ఉంటాయి. జాబ్రోటెస్ వెనక టిబియా కొసన రెండు కదిలే ముళ్లు ఉంటాయి. ఇవన్నీ కాలు ముడుచుకుని ఎండిపోయిన పురుగులో కనబడవు. అలాంటి పురుగును తేమ ఉన్న డబ్బాలో ఒక రోజు ఉంచి, కీళ్లు మెత్తబడ్డాక సూదితో కాలు చాపాలి.

బయటి లక్షణాలన్నీ చూశాక కూడా తేలని చోట లోపలికి వెళ్లక తప్పదు. మగ పురుగు జననాంగం గట్టి కైటిన్‌తో తయారైన నిర్మాణం కాబట్టి, ఉదరం నుంచి తీసి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో మెత్తటి కణజాలాన్ని కరిగించాక దాని ఆకారం స్పష్టంగా బయటపడుతుంది. మధ్య తమ్మె ఒంపు, దానికి రెండు పక్కలా ఉండే పారామియర్ల పొడవు, అవి విడిగా ఉన్నాయా కలిసిపోయాయా అన్నవి జాతుల మధ్యే కాక కొన్ని కుటుంబాల్లో ప్రజాతుల మధ్య కూడా హద్దులు గీస్తాయి. మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో 658 క్షారాల (డీఎన్ఏ అక్షరాల) భాగాన్ని చదివి పోల్చే డీఎన్ఏ బార్‌కోడింగ్ ఇప్పుడు ఈ పనికి తోడు వచ్చింది. అయితే అది పోల్చడానికి ఎవరో ఒకరు ముందుగా శరీర లక్షణాలతో సరిగా గుర్తించిన పురుగు ఉండాలి.

ఇంత పట్టుదలగా వెతికే ప్రజాతి అనే హద్దు ప్రకృతిలో గీసి ఉందా అంటే, జాతి హద్దు ఉన్నంత గట్టిగా లేదు. ఒక్క అగ్రిలస్ ప్రజాతిలోనే 3,000కు పైగా జాతులున్నాయి, ఒంథోఫాగస్‌లో 2,000కు పైగా. మరోవైపు ఒకే ఒక్క జాతి ఉన్న ప్రజాతులూ ఉన్నాయి. ఎఫోడియస్‌ను విశాలమైన ఒకే ప్రజాతిగా ఉంచి లోపల ఉపప్రజాతులు చేసేవారు కొందరైతే, ఆ ఉపప్రజాతులనే డజన్ల కొద్దీ స్వతంత్ర ప్రజాతులుగా లెక్కించేవారు మరికొందరు. రెండు పక్షాలూ చూసేది అవే కాళ్లు, అవే ముళ్లు. ఎంత తేడాను ప్రజాతి స్థాయి తేడాగా ఒప్పుకోవాలన్న దగ్గరే భేదం. కాబట్టి పాత కీలో ఒక పేరు, కొత్త కీలో మరో పేరు వస్తే రెండింట్లో ఒకటి తప్పని అనుకోనవసరం లేదు. ఏ వర్గీకరణను అనుసరించారో పురుగు చీటీ మీద రాసి ఉంచితే చాలు.

చీటీ కంటే ముందు పురుగును నిలిపే తీరు సరిగా ఉండాలి. చిన్న పురుగులను అట్టముక్క మీద కడుపు ఆనేలా జిగురుతో అతికించడం పాత అలవాటు. చూడటానికి అందంగా ఉంటుంది కానీ కోక్సాలు, వక్షపు బుడిపె, ఉదరం పలకలు అన్నీ జిగురు కింద పూడిపోతాయి. అందుకే ఒకే చోట దొరికిన పురుగులు రెండుంటే ఒకదాన్ని మామూలుగా, రెండోదాన్ని వెల్లకిలా అతికిస్తారు. ఒక్కటే ఉంటే సన్నటి ముక్కోణపు అట్ట కొసకు దాని కుడి పక్కను మాత్రమే అంటించి, అడుగు భాగమంతా భూతద్దానికి అందేలా వదిలేస్తారు.